శాంతయ్య సారు ఇచ్చే రెస్టు

ఆళ్ళగడ్డ హైస్కూలు సైన్సు మాస్టారు శాంతయ్య సారుకు ఒకటే జబ్బు. ఏ యంత్రం కనబడినా కుడిచేతి వెనకవైపు దానికి ఆనించి, కళ్ళు మూసుకొని, "వేడెక్కింది. రెస్టు!" అనేవాడు. పిల్లవాడి నుదురు తాకి జ్వరం చూసే తల్లిలాగా ఆయన పంపుసెట్లను, రేడియోలను, కుట్టుమిషన్లను తాకేవాడు. తాకినవాటిలో నూటికి తొంభై వేడెక్కినట్టు తేలేవి. మిగిలిన పది వేడెక్కబోతున్నట్టు తేలేవి.

ఒకసారి ఆయన నంద్యాలలో చాగలమర్రి బస్సెక్కాడు. బస్సు శిరివెళ్ళలో ఆగగానే ముందుకు పోయి ఇంజను మీద చెయ్యి పెట్టాడు.

"డ్రైవరన్నా, వేడెక్కుండాది. రెస్టు ఇయ్యి."

"ఇంజనన్నాక వేడెక్కదా సారూ? చల్లగుండేకి అదేమన్నా కుండనా?"

"సరేప్పా. పోనియ్యి. నడిమధ్యలో నిలబడితే నన్ను మాత్రం అడగొద్దు."

ఆ మాటతో డ్రైవరు ధైర్యం జారిపోయింది. దిగి టీ తాగాడు. బస్సంతా సారును తిట్టుకుంటూ దిగి టీ తాగింది.

చర్చిలోనూ ఇదే తంతు. ప్రసంగం సాగేకొద్దీ సారు చెయ్యి తనంతట తాను మైకుసెట్టు వైపు లేచేది. ఆడవాళ్ళ వరసలోంచి భార్య హన్నమ్మ ఒక చూపు చూస్తే దిగేది. హన్నమ్మ పుట్టింటికి పోయిన ఒక ఆదివారం ఆ చూపు లేదు. సారు లేచి, "అయ్యగారూ, మైకుసెట్టు వేడెక్కింది" అన్నాడు. పాస్టరుగారు ఉలిక్కిపడి "ఆమెన్" అన్నారు. ఆ ఒక్క మాట కోసమే కాచుకొని ఉన్న సంఘమంతా "ఆమెన్" అని లేచి చెప్పుల కోసం వెతుక్కుంది.

ఇలాంటి మనిషితో రైసుమిల్లు భాస్కరయ్యకు స్నేహం కుదరడానికి కారణం ఒక కారు. ఎక్కి తిరిగే కారు కాదు. మూరెడు పొడవు కూడా లేని కరెంటు కారు. ఎనభై అయిదులో భాస్కరయ్య వ్యాపారం పని మీద మద్రాసు పోయి అక్కడి ఎగ్జిబిషన్లో చూశాడు. ఒకాయన చేతిలో ఏరియల్ ఉన్న పెట్టె పట్టుకొని, దాని మీది పుల్లలు బొటనవేళ్ళతో కదిలిస్తుంటే, నున్నటి నేల మీద చిన్న కారొకటి గుండ్రంగా దూసుకుపోతోంది. తీగ లేదు, దారం లేదు. భాస్కరయ్యకు ఆ రోజు బేరం మీద మనసు నిలవలేదు.

ఇంటికొచ్చి చెబితే భార్య వాసవాంబ ఆశ్చర్యపోయింది.

"ఈ వయసులో బొమ్మలతో ఆడుకుంటావా?"

"బొమ్మ అనొద్దు. రేసుకారు."

"ఎక్కి కూచునేకి అయితాదా?"

"కాదు."

"అయితే బొమ్మే."

బ్యాటరీల సంగతి తెలిసిన మనిషి తోడు కావాలని భాస్కరయ్య శాంతయ్య సారును వెంటబెట్టుకొని మళ్ళీ మద్రాసు పోయాడు. విదేశీ సామాన్లు అమ్మే అంగట్లో వరసగా కార్లు పెట్టి ఉన్నాయి. భాస్కరయ్య చూపు ఒక ఎర్ర కారు మీద పడింది. బంగారు చారలు, ముందు రెండు దీపాలు, తలుపు తీస్తే లోపల డ్రైవరు కూడా ఉన్నాడు.

సారు దాన్ని చేతిలోకి తీసుకొని తిరగేసి కడుపు చూశాడు. తర్వాత అక్కడున్న కార్లన్నిటినీ వరసగా వెల్లకిలా పడుకోబెట్టాడు.

"మొగం చూడవేంది సారూ?" అన్నాడు భాస్కరయ్య.

"మొగం చూసి ఏం చేసుకుంటాం? రేపు ఈ గేరు పండ్లచక్రం ఇరిగితే వేరేది దొరకతాదా? ఈ ఎర్రదాన్ని ఇప్పేకి ఒక్క మర కూడా లేదు. అంతా అతికించినారు. చెడిపోతే సమాధి కట్టేకి తప్ప దేనికీ పనికిరాదు."

చివరికి ఆయన ఎంచుకున్నది చూసి భాస్కరయ్య కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. దానికి పైకప్పే లేదు. పలక లాంటి అట్ట, దాని మీద బ్యాటరీలు, వెనక ఒక మోటారు, నాలుగు నల్లటి స్పాంజి చక్రాలు.

"ఇది కారా సారూ? పీట మాదిరి ఉండాది."

"నేలకు ఎంత దగ్గరుంటే మలుపులో అంత నిలబడతాదన్నా. ప్రతిదీ ఇప్పొచ్చు, ప్రతిదీ మార్చొచ్చు. పైకప్పు పల్చటి ప్లాస్టిక్ది వేరే ఇస్తారు. లోపలి పక్క నీకిష్టమైన రంగు కొట్టుకో."

కారు కట్టించుకుంటూ సారు అంగడాయన మోకాళ్ళ వైపు చూశాడు. "పొద్దన్నుంచి నిలబడే ఉండావు. కాళ్ళు వేడెక్కుంటాయి. కూచోప్పా" అన్నాడు. అంగడాయనకు తెలుగు రాదు. అయినా కూచున్నాడు.

ఆళ్ళగడ్డలో ఆ కారు పరుగెత్తడానికి భాస్కరయ్య మిల్లు కల్లాన్ని మించిన చోటు లేదు. ఉడికించిన వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం అది, అద్దంలా నున్నగా ఉండేది. ఒక సగంలో వడ్లు ఆరేవి. కూలి ఆడవాళ్ళు ఎండలో ఆ వడ్లలో కాళ్ళీడ్చుకుంటూ నడిచి తిరగేస్తుండేవాళ్ళు. రెండో సగంలో కారు తిరిగేది. నడపడం భాస్కరయ్య వంతు, సాకడం సారు వంతు.

సాకడమంటే మామూలు సాకడం కాదు. బడి లేని రోజుల్లో సారు పొద్దున్నే వచ్చి మిల్లు అంబాసిడరు బ్యాటరీకి తీగలు తగిలించి కారు బ్యాటరీలకు ఛార్జింగు పెట్టేవాడు. పండ్లచక్రాల మధ్య బస్సు టికెట్టు దూర్చి, సందు సరిగ్గా టికెట్టంతే ఉండేలా బిగించేవాడు. ఇరుసులకు సూదిమొనతో చుక్క నూనె వేసేవాడు. చక్రాల మీది దుమ్ము తడిగుడ్డతో తుడిచేవాడు. భాస్కరయ్య మోటారుకు పెద్ద పండ్లచక్రం వేయమనేవాడు. పెద్దదైతే వేగం ఎక్కువ.

"వేగం ఎక్కువ, వేడీ ఎక్కువ" అని సారు చిన్నదే వేసేవాడు.

చిన్నది వేసినా రెస్టు మాత్రం తప్పేది కాదు. బ్యాటరీ నిండుగా ఉన్నా సరే, నాలుగు చుట్లు తిరగ్గానే సారు వంగి మోటారుకు చెయ్యి ఆనించేవాడు.

"వేడెక్కింది. రెస్టు!"

"ఇప్పుడే గదా సారూ మొదలుపెట్టింది!"

"మోటారు కాలిపోతే మళ్ళా మద్రాసుకు పోదామా? ఏమమ్మా, మీరు గూడా నీడకు పోండి. కారు ఇప్పి పెట్టినప్పుడు దుమ్ము లేయగూడదు. కాళ్ళు కదిలితే దుమ్ము. ఒక్క రవ్వ మోటార్లో పడిందంటే అంతే సంగతులు."

ఆడవాళ్ళు కల్లం పక్కన రేకుల కిందికి పోయి కూచునేవాళ్ళు. భాస్కరయ్య గొణిగేవాడు.

"వడ్లు తిరగేయాల గదా సారూ."

"వడ్లు కావల్నా, మోటారు కావల్నా?"

భాస్కరయ్య వడ్ల వైపు ఒకసారి, మోటారు వైపు ఒకసారి చూసి, "మోటారే" అనేవాడు.

ఇలా రెండేళ్ళు గడిచేసరికి భాస్కరయ్యకు సారు గొంతే బ్రేకు అయిపోయింది. "రెస్టు" అన్న మాట చెవిన పడితే చాలు, బొటనవేలు దానంతట అదే పుల్ల వదిలేసేది. ఒకరోజు అన్నం తింటుండగా బయట ఎవరో ఆ మాట అంటే చేతిలో ముద్ద కూడా వదిలేశాడని వాసవాంబ అందరికీ చెప్పేది.

ఆ వేసవిలో నంద్యాల పత్తి వ్యాపారి ఆదినారాయణ సింగపూరు నుంచి ఒక కారు తెప్పించుకున్నాడు. కొత్త పెళ్ళికొడుకులా తళతళలాడుతోంది. దాన్ని తీసుకొని ఆళ్ళగడ్డకు వచ్చి, భాస్కరయ్య మిల్లు గుమాస్తాలందరి ముందు నవ్వాడు.

"మీ కారుకు నిద్రజబ్బంట గదా! నడిచేదానికంటే పండుకునేదే ఎక్కువంట!"

భాస్కరయ్యకు చురుక్కుమంది. "పందెం వేస్తావా?"

"వేస్తా. ఓడినోడు గెలిచిన కారుకు పూలమాల ఏసి, మోకాళ్ళ మీద దండం పెట్టాల."

పందెం రోజు నంద్యాల నుంచి ఆదినారాయణ మనుషులు, ఆళ్ళగడ్డ నుంచి సగం బజారు కల్లం చుట్టూ చేరారు. కల్లమంతా ఖాళీ చేయించారు. గింజ మీద చక్రం పడితే కారు బోర్లా పడుతుంది కాబట్టి ఆడవాళ్ళు పొద్దున్నుంచి ఊడుస్తూనే ఉన్నారు. పది చుట్ల పందెం. తీరా బయలుదేరే వేళకు ఆదినారాయణ పెట్టెలో ఏదో తీగ ఊడింది. దాన్ని అతికించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అప్పటిదాకా సారు తమ కారును నీడలో తడిగుడ్డ కప్పి పడుకోబెట్టాడు. ఆడవాళ్ళు మాత్రం గాలికి వచ్చి పడుతున్న ఊకను ఊడుస్తూనే ఉన్నారు.

జెండా ఊగింది. కార్లు రెండూ దూకాయి. మొదటి మలుపులోనే సింగపూరు కారు వెనకభాగం జారి అడ్డం తిరిగింది. మన పీట మాత్రం నేలను కరుచుకొని మలుపు తిరిగింది. రెండో చుట్టుకు భాస్కరయ్య చాలా ముందున్నాడు. గుమాస్తాలు ఈలలు వేస్తున్నారు. పూలమాల ఆదినారాయణ మనిషి చేతుల్లోనే ఉంది.

అప్పుడు వినబడింది.

"వేడెక్కింది! రెస్టు!"

భాస్కరయ్య బొటనవేలు పుల్ల వదిలేసింది. కారు కల్లం మధ్యలో బుద్ధిగా నిలబడింది. ఆదినారాయణ కారు పక్కనుంచి జుయ్యిమని పోయింది.

"అందరూ నీడకు పోండి! దుమ్ము లేయగూడదు!" అని అరుస్తున్నాడు సారు. అరుస్తూ కారు దగ్గరికి కాదు, నీళ్ళకుండ దగ్గరికి పరుగెత్తుతున్నాడు.

భాస్కరయ్య ఒళ్ళు మండింది. పెట్టె కింద పెట్టి, కల్లంలోకి పోయి, కారు ఎత్తి మోటారుకు చెయ్యి ఆనించాడు. రెండేళ్ళలో ఆయన దాన్ని తాకడం అదే మొదటిసారి, అంతకుముందు ఎప్పుడూ సారు మాటే సరిపోయింది. మోటారు చల్లగా ఉంది.

తిట్టడానికి నోరు తెరిచి తిరిగి చూశాడు. రేకుల కింద కూలి ఓబులమ్మ చీపురు పక్కన పడేసి గోడకు చేరగిలబడి ఉంది. మొగం నల్లబడిపోయింది. సారు ఆమె చేతికి చెంబు ఇస్తున్నాడు. తక్కిన ఆడవాళ్ళు కొంగులతో విసురుతున్నారు.

భాస్కరయ్య తెరిచిన నోరు మూసుకున్నాడు. ఓబులమ్మ తేరుకొని లేచి కూర్చునేదాకా ఆగి, సారును పక్కకు పిలిచాడు.

"మోటారు చల్లగుంది సారూ."

"చల్లగుందా? మంచిదే గదా. వేడెక్కకముందే ఆపినాం."

"ఈ రెండేండ్లూ ఇదేనా?"

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అప్పుడప్పుడు నిజంగానే వేడెక్కేదిలే అన్నా."

"నాతో ఒక మాట చెప్పుంటే నేనే కూచోబెట్టేవాణ్ణి గదా!"

"మొదటిరోజే చెప్పినా. ఎండకు ఆడోళ్ళు అలిసిపోయినారన్నా అంటే, 'పనన్నాక అలవకుండా ఉంటారా' అంటివి. మోటారు అలిసిపోయింది అంటే మాత్రం గుండె పట్టుకుంటివి. ఏం చేసేది చెప్పు? నీకు ఏది నొప్పైతే అదే చెప్పినా."

భాస్కరయ్య జనం వైపు నడిచాడు. ఆదినారాయణ మనిషి చేతిలోని మాల తీసుకొని, కల్లంలో మోకాళ్ళ మీద కూచొని, సింగపూరు కారుకు వేసి దండం పెట్టాడు. నంద్యాల వాళ్ళు చప్పట్లు కొట్టారు.

"మంచి కారేప్పా నీది. ఒక్కటే లోపం, దానికి సారు లేడు" అని భాస్కరయ్య లేచి ఆదినారాయణ భుజం తట్టి, మోకాళ్ళు దులుపుకున్నాడు. ఆదినారాయణకు ఆ మాట అర్థం కాలేదు. గెలిచాడు కాబట్టి అడగలేదు.

బడులు తెరిచాక సారు పగలు మిల్లుకు రావడం తగ్గింది. ఒక మధ్యాహ్నం ఎండ పేలిపోతోంది. భాస్కరయ్య గద్దె మీంచి లేచి కల్లం అంచుకు వచ్చి నిలబడ్డాడు. కాసేపు అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు. కుడిచెయ్యి వెనకవైపు గాలిలోకి చాపి, కళ్ళు మూసుకున్నాడు.

"వేడెక్కింది. రెస్టు!"

ఆడవాళ్ళు వడ్ల మధ్య ఆగిపోయి ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఓబులమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"కారు మీ ఇంటికాడ ఉండాది గదా సామీ!"

"ఆడుండే వేడెక్కిందంటలే" అన్నాడు భాస్కరయ్య. "కూచోపో."