చూసినంతే చెప్పిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. పోయిన ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టి కుర్చీలోనే ఒరిగిపోయిందట. మా ఊరు టేకల్‌లో ఉన్న నాకు ఫోన్ చేసిన ఆమె పాత విద్యార్థి ఆ వార్త చెప్పి, వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. "నువ్వు తొందరగా రామ్మా. లైను ఇళ్లలో ఎవరూ చూడ్డానికి గడప దాటి రాలేదు." ఆ రెండో మాటకు నా ఏడుపు ఆగిపోయి ఒళ్లు మండింది. ఇప్పటికీ చల్లారలేదు. పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలని తెలుసు. నాకు చేతకావడం లేదు, క్షమించండి.

ఆమె కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ప్రైమరీ స్కూలు టీచరు. గని కార్మికుల వరుస క్వార్టర్సుల్లో, అదే లైన్లలో, తనుండే సందులో సగం మందికి అక్షరాలు దిద్దించింది. రిటైరయ్యాక కూడా మీసాలొచ్చిన మగవాళ్లను హాజరు పట్టీలోని పూర్తి పేర్లతోనే పిలిచేది. వాళ్లు బీడీలు వెనక్కి దాచుకునేవాళ్లు. పిల్లలు కొట్టుకుంటే ఆమెకొక పద్ధతి ఉండేది. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, "నీ సంగతి తర్వాత. వాడేమంటాడో ముందు నువ్వు చెప్పు" అనేది. ఎదుటివాడి మాట సరిగ్గా చెప్పేదాకా ఇద్దరికీ ఆట లేదు. మధ్యలో ఎవడైనా పెంచి చెప్పబోతే, "చూసినంతే చెప్పప్పా. ఉప్పూ కారం నువ్వు కలపద్దు" అనేది.

గనులు మూతపడ్డాక, ఎవరి క్వార్టర్సు వాళ్ల పేరనే రాసిస్తారని పుకారు లేచింది. ఇక చూడండి, సందంతా గోడలు ముందుకు జరిపే పనిలో పడింది. పెద్దమ్మ ఇంటికి ఎదురుగా, పక్కపక్క ఇళ్లలో ఉండే ఇద్దరు కుర్రాళ్లూ ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే. ఒకడు బాత్రూముకు పునాది తవ్వుతూ జానెడు పక్కింటి వైపు జరిగాడు. పక్కింటివాడు వచ్చి అడిగాడు. మాటా మాటా పెరిగింది. అడగడానికి వచ్చినవాడు ఇటుకలు తన్ని, తవ్వేవాడి తల్లిని తిట్టాడు. తవ్వేవాడు చేతిలో ఉన్న గడ్డపారతో ఒక్క దెబ్బ వేశాడు. పట్టపగలు, సందు నిండా జనం. పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఇప్పటికీ ఎవరి పేరా రాయని జానెడు జాగా కోసం ఒక మనిషి చచ్చిపోయాడు.

పోలీసులు వచ్చేసరికి ఆ సందులో ఎవరికీ కళ్లు లేవు. ఒకడు నీళ్లకు పోయాడట, ఒకడు నిద్రపోతున్నాడట. వాళ్ల పేర్లు ఇక్కడ రాయాలని చెయ్యి దురద పెడుతోంది. పెద్దమ్మ ఒప్పుకోదని ఊరుకుంటున్నాను. సాక్షిగా నిలబడింది ఆమె ఒక్కతే.

ఇక రెండిళ్లవాళ్లూ ఆమె మీద పడ్డారు. కొట్టినవాడి అన్న వచ్చి, "లోపల ఉన్నాను, చూడలేదని చెప్పేయ్ టీచరమ్మా. పోయినోడు ఎట్లాగూ తిరిగి రాడు" అన్నాడు. చనిపోయినవాడి తల్లి వచ్చి, "చంపాలనే గడ్డపార తెచ్చినాడని ఒక్క మాట చెప్పమ్మా. నా కొడుక్కి పలక పట్టించింది నువ్వే కదా" అంది. ఇద్దరికీ కాఫీ ఇచ్చి, పెద్దమ్మ ఒకే జవాబు చెప్పింది. "గడ్డపార పొద్దన్నుంచీ గుంతలోనే ఉండాది. కొట్టింది మాత్రం వాడే. రెండూ చెప్తాను."

కోర్టులో రెండూ చెప్పింది. కొట్టాక గడ్డపార పారేసి, పడినవాడి తల ఒళ్లో పెట్టుకుని ఆటో కోసం అరిచాడని కూడా చెప్పింది. కింది కోర్టు హత్యేనని యావజ్జీవం వేసింది. కొట్టినవాడి ఇంటివాళ్లు ఆమెతో మాటలు మానేశారు. ఏళ్ల తర్వాత బెంగళూరు హైకోర్టులో అప్పీలు తేలింది. ఇది ముందే అనుకుని చేసిన పని కాదు, అప్పటికప్పుడు రేగిన గొడవ అని, హత్యానేరం తీసేసి శిక్ష తగ్గించారు. దానికి ఆధారం పెద్దమ్మ సాక్ష్యమే. అప్పుడు చనిపోయినవాడి ఇంటివాళ్లూ ముఖం తిప్పుకున్నారు. జైలు నుంచి వచ్చినవాడైనా ఆమె గుమ్మం ఎక్కాడా? లేదు. "నన్ను లోపలికి పంపింది ఆమే కదా" అన్నాడట. ఏమీ చూడని మహానుభావులు మాత్రం, ముసలామెకు ఎందుకొచ్చిన గొడవ అని అరుగుల మీద కూర్చుని తీర్పులు చెప్పారు.

మా ఊరొచ్చేయమని నేను ఒకసారి పోట్లాడాను. "యాడికి వచ్చేదే? ఇద్దరూ నా క్లాసు పిల్లోళ్లే. ఒకడు మట్టిలో ఉండాడు, ఒకడు మొకం చూపించడు. నేనూ పోతే ఇంగ ఎవరుండారు?" అంది.

నేను వెళ్లి తలుపులు బార్లా తీశాక సందులోని ఆ మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. "బంగారం లాంటి మనిషమ్మా" అన్నాడొకడు. "ఆ రోజు నీళ్లకు పోయింది నువ్వే కదన్నా?" అని అడిగాను. ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. నాకు కాస్త కూడా జాలి కలగలేదు.

అప్పుడు ఎదురింటి నుంచి చనిపోయినవాడి తల్లి వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకుని నేను లేచి నిలబడ్డాను. ఆమె పెద్దమ్మ ముఖం వైపు చూసి, "ఈమె అబద్ధం చెప్పుంటే బాగుండు. నిమ్మళంగా తిట్టుకుంటా బతికేదాన్ని" అంది. తర్వాత కుర్చీల వైపు తిరిగింది. "నా కొడుకు ఎట్లా పోయినాడో నాకు చెప్పింది ఈమె ఒక్కతే. వాడి తల ఒకరి ఒళ్లో ఉన్నిందని ఈమె చెప్తేనే తెలిసింది. మీరంతా ఆడనే ఉండారు కదప్పా."

ఆమె పెద్దమ్మ కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. పాడె సిద్ధమై, ఎత్తడానికి వచ్చినవాళ్లు "లేమ్మా" అన్నారు. ఆమె లేవలేదు. నేనూ లెమ్మనలేదు. ఆ మగవాళ్లందరూ చేతులు కట్టుకుని, ఎండలో, ఆమె లేచేదాకా అలాగే నిలబడ్డారు.