గోరువెచ్చని నీళ్ళు

పొద్దున్నుంచి ముసురు పట్టింది. గొర్ల మల్లయ్య మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. తల మీంచి మోకాళ్ళ దాకా గొంగడి కప్పుకున్నాడు, దాని అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తడిసిన ఉన్ని వాసన అరుగంతా నిండింది. పట్నం నుంచి వచ్చే మా మనవలు ఈ వాసనకు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం అది తగిలితే చాలు, కాళ్ళు కోస్గిలో ఉంటాయి, మనసు స్కాట్లండు కొండల మీదికి పోతుంది.

"ముసలి గొర్రె, డాక్టర్ సాబ్. పడ్డకాడికెల్లి లేస్తలేదు. మీరొచ్చి జర సూస్తే..." అంటున్నాడు మల్లయ్య. నేను వింటున్నానో లేదో నాకే తెలియలేదు. లోపలి నుంచి నా భార్య అందుకుంది.

"మల్ల సీమకు పోయిండ్రా ఏంది? ఆయన వానల నిలవడ్డడు, జవాబన్న ఇయ్యుండ్రి."

"నువ్వు నడువు మల్లయ్యా, నేనొస్త" అని అతన్ని పంపించి చెప్పుల కోసం వెతుక్కుంటూ కూర్చున్నాను. రిటైరై ఎన్నేళ్ళయినా ఈ చుట్టుపక్కల గొర్రెకు జబ్బు చేస్తే నా గుమ్మమే గుర్తొస్తుంది జనానికి. నాకేమో మిస్ రీడ్ గుర్తొస్తుంది.

మిస్ రీడ్ స్కాట్లండులో నాకు పశువైద్యం నేర్పిన మనిషి. పొడుగ్గా, సన్నగా, ఎండిన కందికట్టెలా ఉండేది. నెరిసిన జుట్టు మెడ దాకా కత్తిరించుకుని, మగవాళ్ళ బూట్లు వేసుకుని, మా అందరికంటే ముందు కొండ ఎక్కేది. నవ్వడం తక్కువ. పొగడడం ఇంకా తక్కువ. విద్యార్థులు ఆమె పేరు చెబితే జడుసుకునేవాళ్ళు. నేనూ జడుసుకున్నాను, కొన్నాళ్ళు.

మాది కోస్గి పక్కన ఊరు. ఆకాశం వైపు చూసే చెలక కొంచెం, గొర్ల మంద ఒకటి. మా వంశంలో పెద్ద బడి గడప తొక్కినవాణ్ణి నేనే. హైదరాబాదులో పశువైద్యం చదివి, సర్కారు దవాఖానలో చేరిన కొద్దికాలానికే పై చదువుకు స్కాట్లండు పంపిస్తామని సర్కారు నుంచి కబురు వచ్చింది. అది అరవయ్యో దశకం మొదట్లో మాట. మా నాయిన కోస్గి అంగడి అంతా తిరిగి ఆ సంగతి చెప్పాడు. ఇంటికొచ్చి నా ముందు మాత్రం ఇంకోలా మాట్లాడాడు. "గొర్లు మనింట్లనే ఉండంగ గొర్ల సదువుకు సీమదాంక పోవుడేందిరా?" అని.  ఇక మా అవ్వ, నన్ను కన్నతల్లి, తను వడికిన ఉన్నితో నేసిన నల్లగొంగడి తెచ్చి నా పెట్టెలో కుక్కింది.

"సలి దేశమంట బిడ్డా. దొరల బట్టలను నమ్ముకోకు. గిది కప్పుకో."

అవ్వ చెప్పింది నిజమే అయింది. అక్కడి చలి ముందు మన మాఘమాసం చలి ఒక లెక్కలోది కాదు. వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొట్టేది. మొదటిసారి కొండ మీది మందను చూడడానికి వెళ్ళిన రోజు తట్టుకోలేక గొంగడి తీసి తల మీంచి కొప్పెర పెట్టుకున్నాను. తోటివాళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుని నవ్వారు. ఒకడు "మే... మే..." అని అరిచాడు కూడా. మిస్ రీడ్ దగ్గరికొచ్చి గొంగడి అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఎవరు నేశారు?"

"మా ఇంటివాళ్ళే. మా గొర్రెల ఉన్ని."

"నీళ్ళు లోపలికి దిగుతాయా?"

"దిగవండీ."

"అయితే నవ్వేవాళ్ళ కోట్లు తడిసేదాకా చూద్దాం" అని ముందుకు నడిచింది. కొండ దిగేసరికి వాళ్ళ కోట్లు పిండితే బిందె నిండేట్టున్నాయి. నా వీపు పొడిగా ఉంది.  అప్పటినుంచి ఆమె అంటే నాకు భయం కొంచెం తగ్గింది.

అసలు కష్టం చలికాలంలో వచ్చింది. ఊపిరితిత్తులకు సోకే, నయం కాని జబ్బుతో ఉన్న గొర్రెను బాధ లేకుండా చంపి, తరువాత కోసి పరీక్షించాలి. నుదుటికి ఆనించి మీట నొక్కే చిన్న తుపాకీలాంటి పరికరం ఉండేది. అది తప్పనిసరి పరీక్ష. నా వంతు వచ్చింది. గొర్రె కట్టుకొయ్య దగ్గర నిలబడి నా వైపు చూస్తున్నది. పరికరం చేతిలోకి తీసుకున్నాను గానీ చెయ్యి లేవలేదు. దాన్ని బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను.

శాఖాధిపతి నన్ను పిలిపించి సూటిగా చెప్పాడు. "జంతువు బాధను ముగించలేనివాడు వైద్యుడు కాలేడు. ఇంకొక్కసారి అవకాశం ఇస్తాను. అదీ తప్పితే మీ దేశం వెళ్ళిపోవచ్చు."  సీమకు పోయి గొర్రెను చూసి భయపడి వచ్చాడని ఊరంతా అంటుంది. నన్ను అననివాళ్ళు నాయినను అంటారు. అంగడి అంతా తిరిగి చెప్పిన మనిషి ఇక ఆ అంగడికి ఎట్లా పోతాడు?

ఆ సాయంత్రం మిస్ రీడ్ నన్ను తన గదికి పిలిచి టీ పోసి ఇచ్చింది. "చంపడం చేతకాలేదా? చంపకూడదనుకున్నావా?" అని అడిగింది.

మాది మాంసం తినని ఇల్లేం కాదు. మా కులదైవం బీరప్ప పండుగకు యాటను, అంటే బలి పొట్టేలును, కోయడం పసితనం నుంచి చూసినవాణ్ణి. అయితే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కోసేముందు యాట వీపు మీద నీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలించుకోవాలి. విదిలించుకుంటే ఒప్పుకున్నట్టు. అప్పటిదాకా కత్తి లేవదు. చదువుకున్నవాణ్ణి, ఇది చెబితే నవ్వుతుందని సిగ్గుపడుతూనే చెప్పాను.

ఆమె నవ్వలేదు. "విదిలించుకోకపోతే?"

"ఆగుతాం."

"ఎంతసేపు?"

"అది విదిలించుకునేదాకా. తొందర ఉన్నవాళ్ళు చెవిలో నీళ్ళు పోస్తారు. మా అవ్వ వాళ్ళను తిట్టిపోసేది."

మిస్ రీడ్ కిటికీ వైపు తిరిగింది.  "రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు జనం తమ కుక్కలను, పిల్లులను తెచ్చి మా ముందు వరస కట్టారు. వాటికి ఏ జబ్బూ లేదు. రేపు పెట్టడానికి తిండి ఉండదని భయం, అంతే. నేను అప్పుడే పనిలో చేరాను. చెప్పిన పని చేశాను. ఆగడానికి ఎవరికీ తీరిక లేకపోయింది." ఆమె కప్పులో టీ చల్లారిపోయింది. లేచి, నా కప్పు కూడా తీసుకుంటూ అన్నది: "నీకు ఆగడం వచ్చు. మిగిలింది నేను నేర్పుతాను."

రెండోసారి పరీక్ష నాడు నేల మంచుతో బిగుసుకుపోయి ఉంది. శాఖాధిపతి గడియారం చూసుకుంటున్నాడు. మిస్ రీడ్ ఒక చెంబులాంటి గిన్నె పట్టుకుని వచ్చింది. అందులోంచి పల్చగా ఆవిరి లేస్తున్నది. నేను అర్థం కాక చూస్తుంటే, నాకు మాత్రమే వినపడేట్టు చెప్పింది.

"ఈ చలిలో చన్నీళ్ళు పోస్తే ఏ జంతువైనా వణుకుతుంది. వణుకును ఒప్పుకోలు అనుకుంటే మోసం కదా?"

ఇది మా అవ్వకు కూడా తట్టని మాట.  గిన్నె అందుకుని గొర్రె వీపు మీద నీళ్ళు చల్లాను. అది కదలలేదు. మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. శాఖాధిపతి దగ్గాడు. "ఇది ఏ పుస్తకంలో ఉంది, మిస్ రీడ్?" అన్నాడు.

"జంతువును స్థిమితపరచమని అన్ని పుస్తకాల్లోనూ ఉంది. ఎంతసేపట్లోనో దేంట్లోనూ లేదు. ఆగుదాం."

ఆగాం. నా చేతి కింద గొర్రె గుండె దడ మెల్లగా తగ్గింది. మంచు తునకలు మా భుజాల మీద పడి కరిగాయి. అప్పుడు ఆ గొర్రె తల నుంచి తోక దాకా ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుంది. నీళ్ళు మా ముగ్గురి మొహాల మీద చిందాయి. నేను పరికరం ఎత్తాను. నుదుటికి ఆనించి మీట నొక్కాను. గొర్రెకు బాధ తెలిసే వ్యవధి కూడా లేదు. శాఖాధిపతి రుమాలుతో మొహం తుడుచుకుని నన్ను పాస్ చేశాడు. మిస్ రీడ్ మాత్రం మొహం తుడుచుకోలేదు.

తిరిగొచ్చే ముందు ఆమె గదికి వెళ్ళి గొంగడి బల్ల మీద పెట్టాను. ఆమె వద్దనలేదు. "తల మీద ఎట్లా మడవాలో చూపించు" అన్నది. చూపించాను. అద్దంలో తనను తాను చూసుకుని నవ్వింది. ఆమె నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇంట్లో పెట్టె విప్పగానే అవ్వ అడిగింది. "గొంగడేదిరా? పారేసుకున్నవా?" జరిగిందంతా చెప్పాను. గోరువెచ్చని నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి అవ్వ వడికే చెయ్యి ఆగింది.

"గొర్రెకు నీళ్ళు ఎచ్చవెట్టిందా? గా దొరసాని?" చీరచెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మంచి పనే జేసినవ్ బిడ్డా. నీకింకోటి నేపిస్త తియ్. గామెనొకపారి మనింటికి తోలుకరారాదు, ఇంత బువ్వ తినిపోతది."

తీసుకురాలేకపోయాను. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూడకుండానే వెళ్ళిపోయారు. నా లోపల మాత్రం ఎప్పుడో కలుసుకున్నారు. కల్వకుర్తి దవాఖానలో ఉన్నా, ఇక్కడ ఉన్నా, చావు తప్పని పశువుకు ఆఖరి సూది వేసేముందు నీళ్ళు వెచ్చబెట్టించేవాణ్ణి. చేతులు కడుక్కోవడానికేమో అనుకునేవాళ్ళు కొత్త కాంపౌండర్లు. పశువు ఒళ్ళు విదిలించుకోకపోతే సూది పక్కన పెట్టి మళ్ళీ మొదటి నుంచి పరీక్షించేవాణ్ణి. అట్లా మళ్ళీ చూడబట్టి నిలిచిన ప్రాణాలు కూడా ఉన్నాయి. నిలవనివాటి విషయంలో, తొందరపడ్డానన్న బెంగ నాకు లేదు.

చెప్పులు దొరికాయి. అవ్వ నేయించిన గొంగడి కొయ్యకు ఉంది, తీసి తలమీద కప్పుకున్నాను. మందుల సంచీ అందుకుని గడప దాటబోతుంటే వెనక నుంచి నా భార్య గొంతు.

"గప్పుడే ఏడికి? నీళ్ళు పొయ్యి మీద వెట్టిన. ఎచ్చగానియ్యుండ్రి, కొంటవోదురు."

అరుగు మీద కూర్చుని ఆగాను.