హీరోగారి మెడవంపు

మా ఆయన పోచయ్య ఒక హీరోగారికి డూప్. హీరోగారు కారవాన్‌లో చల్లగా కూర్చుంటే, ఈయన ఎండలో ఆయన చోట నిలబడాలి. అలా నిలబెట్టి లైట్లు సరిచూసుకుంటారు. వీపు మాత్రమే కనిపించే షాట్లలోనూ ఈయనే.

ఆ హీరోగారికి ఒక స్టైల్ ఉండేది. మెడ ఎడమకు వాల్చి, తల ముందుకు చాచి, కుడి భుజం ఎగరేసి నడిచేవారు. థియేటర్లో దానికే ఈలలు. ఆ వంపు అచ్చంగా దింపుతాడనే ఫిల్మ్‌నగర్లో ఈయనకు పని. ఏళ్ల తరబడి అలా నిలబడీ నిలబడీ మెడ పట్టేసింది. పక్క మీద ఒత్తిగిలలేడు, తల దువ్వుకుందామంటే చెయ్యి లేవదు.

జూనియర్ ఆర్టిస్టుల సంఘం వాళ్లు ఫోన్లోనే వీడియో కాల్ చేసి వ్యాయామం నేర్పే మనోజ అనే అమ్మాయిని చూపించారు. బోరబండలో మా ఒంటిగదిలో ఫోన్ నిలబెట్టే చోటేదీ? ఆ స్టాండు నేనే.

"భూలక్ష్మిగారూ, కొంచెం పక్క నుంచి చూపించండి. పోచయ్యగారూ, తల వెనక గోడకు ఆనించండి. గడ్డం లోపలికి లాగండి. పొట్ట నిండా గాలి పీల్చి మెల్లగా వదలండి," అనేది.

ఈయన బుద్ధిమంతుడిలా చేసేవాడు. ఫోన్ పెట్టేయగానే అద్దం ముందుకెళ్లి మళ్లీ మెడ వాల్చుకునేవాడు. నా ఒళ్లు మండేది.

"కుక్క తోక గొట్టంల ఉన్నంతసేపే సీదా. గా పిల్లను, నన్ను ఎందుకు సతాయిస్తున్నవయ్యా?"

"మెడ సక్కగైతే నన్నెవరు పిలుస్తరే? గీ వంకరతోనే బువ్వ తింటున్నం."

నొప్పి పోతే పని పోతుంది, పని ఉంటే నొప్పి పోదు. "రోజూ చేస్తున్నారు కదండీ?" అని మనోజ అడిగితే, చేస్తున్నాడని నేనే అబద్ధమాడేదాన్ని.

మొన్న, కొన్ని నెలల తర్వాత, ఆ హీరోగారి కొత్త సినిమాకు జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాకు పిలిచారు. సంచి మోయలేడని నేనూ వెళ్లాను. గుర్తు గీసిన చోట ఈయన మెడ వాల్చి నిలబడ్డాడు.

"మెడ నిటారుగా పెట్టు. ఇందులో సార్ మిలిటరీ ఆఫీసర్," అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్.

ఈయన గడ్డం లాగాడు, గాలి పీల్చాడు. మెడ నిటారుగా రాలేదు. ముఖమంతా చెమటలు. అంతలో హీరోగారు కారవాన్ దిగి, గెడకర్రలా నిటారుగా నడిచొచ్చారు. ఈయన్ని చూసి ఆప్యాయంగానే నవ్వారు.

"ఏంటి పోచయ్యా, నువ్వింకా అలాగే ఉన్నావా? నేను ట్రైనర్ని పెట్టుకుని ఎప్పుడో సరిచేసుకున్నాను. ఆరోగ్యం చూసుకోవయ్యా."

"సరే సార్," అన్నాడు ఈయన. ఆ చోట ఇంకెవరినో నిలబెట్టారు.

బస్సులో దారంతా తిడుతూనే ఉన్నాను, హీరోను, సినిమాను, ఈయన్ని. ఈయన నా వైపు తిరగలేక ఎదుటి సీటునే చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం మనోజ ఫోన్ మోగగానే, నేను పిలవకముందే గోడకు వీపు ఆనించాడు.

"తల తగులుతోందా అండీ?"

నేను చెయ్యి పెట్టి చూశాను. గోడకూ తలకూ నడుమ నా పిడికిలి దూరింది.

"తగుల్తలేదమ్మా," అన్నాడు. "ఇన్ని దినాలు నేను చేయలే. జర మొదటి నుంచి చెప్పు."