దుప్పుల సోమవారం నాడు వెల్డా

వెల్డా టీటర్‌ది చెడ్డ నోరని మా లారెల్ ఫోర్క్ కౌంటీలో అందరూ అంటారు. అననివ్వండి. చొక్కాల ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో, ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసిన మేనేజరు ఆ నోటికి భయపడే తాళం తీశాడు. అప్పుడు ఎవరికీ ఆ నోరు చేదు కాలేదు.

చౌక కూలి కోసం ఫ్యాక్టరీని హోండురాస్ దేశానికి ఎత్తుకుపోయాక, ఆవిడ కాలర్లు కుట్టిన చేతులతోనే కొండ అవతలి కోళ్ళ ఫ్యాక్టరీలో చేరింది. చీకటితో లేచి, మంచులో కొండ దిగి, రోజంతా చల్లటి హాల్లో నిలబడి రెక్కలు కోయాలి. మొగుడు పోయాడు. పిల్లలు లేరు. వేళ్ళు కొంకర్లు పోయి, పొద్దున కాఫీ కప్పు పట్టుకోవడమే గగనంగా ఉంది. ఊళ్ళోనే మళ్ళీ ఒక కుట్టుపని దొరికితే చాలు, ఆవిడకి ఇంకేం అక్కర్లేదు.

కంపెనీలను బతిమాలి తెచ్చే పనికి కౌంటీవాళ్ళు పిట్స్‌బర్గ్ నుంచి మెరెడిత్ కోయిల్ అనే అమ్మాయిని తెచ్చి కూర్చోబెట్టారు. గుడారాలు కుట్టే కంపెనీ ఒకటి మా పాత ఫ్యాక్టరీ షెడ్డు చూడ్డానికి వస్తోందట. షెడ్డుతోపాటు పనివాళ్ళని కూడా వరసగా నిలబెట్టి చూపించాలని ఆ పిల్ల ఆలోచన. బడిలో ఆటల హాలు ఖాళీగా ఉందని థాంక్స్‌గివింగ్ పండగ వారంలో సోమవారం ఖాయం చేసేసింది. బడి ఎందుకు ఖాళీగా ఉందో అడగాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు మహాతల్లికి.

సంగతి తెలిసిన రోజే వెల్డా ఆఫీసుకు వెళ్ళింది.

“సోమవారమేంటి అమ్మాయ్? ఆ రోజు దుప్పుల వేట మొదలవుతుంది. బడికి సెలవిచ్చింది కూడా అందుకే.”

“వేట వారమంతా ఉంటుందటగా వెల్డా గారూ. ఉద్యోగం కోసం ఒక్క పూట ఆగలేరా?”

“నువ్వొచ్చి ఎన్నాళ్ళయింది?”

“మే నెల్లో వచ్చాను.”

“అంటే ఇక్కడి నవంబరు ఇంకా నీ మొహాన పడలేదన్నమాట.”

మెరెడిత్ నవ్వింది. ఆ నవ్వు చూసి వెల్డాకి ఒళ్ళు మండింది. “ఇప్పుడు తేదీ మార్చమంటే వాళ్ళు పక్క కౌంటీకి పోతారు. మీ వాళ్ళని తీసుకొచ్చే బాధ్యత మీది. మీ మాటంటే అందరికీ భయమట కదా?” అంది ఆ పిల్ల.

పక్క కౌంటీకి పోతారనేసరికి వెల్డా సరేనంది. తిట్టుకుంటూనే ఇల్లిల్లూ తిరిగింది. రానని ఒక్కడూ అనలేదు. మావాళ్ళు మొహం మీద కాదనరు, అదో పెద్దమనిషితనం. అందరూ తలూపి, “చూద్దాంలే” అన్నారు. సొంత తమ్ముడు డార్సీ వంటింటి బల్ల మీద తుపాకీ పరిచి నూనె రాస్తున్నాడు.

“ఒరే, సోమవారం నువ్వు హాల్లో ఉండాలి.”

“చూద్దాంలే అక్కా.”

“చూసేదేం లేదు. మూడేళ్ళ నుంచి ఆ డొక్కు తుపాకీ తప్ప నీ చేతిలో పనిముట్టన్నది లేదు.”

“అబ్బ, వస్తాన్లే. ఊరికే మీద పడతావేం?”

సోమవారం తెల్లవారకముందే పికప్ బండ్లన్నీ కొండెక్కిపోయాయి. వాటిలో డార్సీ బండి అన్నిటికంటే ముందుంది.

కోళ్ళ ఫ్యాక్టరీలో ఆ పూట జీతం పోగొట్టుకుని వెల్డా హాలుకు వచ్చింది. వస్తూ తను మాంసం ముక్కలు పెట్టి కాల్చిన పెప్పరోని రోల్స్ గంపెడు తెచ్చింది. వరసల్లో కుర్చీలు, కుర్చీ కుర్చీకీ ఒక నీళ్ళ సీసా. మనుషులు మాత్రం లేరు. చొక్కాల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టిన ముసలమ్మ నీవా ఒక్కతే చేతికర్ర ఆనించుకుని ముందు వరసలో కునుకు తీస్తోంది.

కంపెనీ పెద్దమనిషి ఆస్ట్రాండర్ వచ్చాడు. ఖాళీ కుర్చీలు చూశాడు, వాచీ చూసుకున్నాడు. మెరెడిత్ మొహం పాలిపోయింది.

“ఊరంతా ఫ్లూ జ్వరాలండీ,” అని నోటికొచ్చిన అబద్ధం ఆడేసింది. అదే సమయానికి కొండ మీద నుంచి ఢాం, ఢాం అని తుపాకులు మోగాయి.

“జ్వరం గట్టిగానే ఉన్నట్టుంది,” అన్నాడాయన.

మెరెడిత్ గబగబా దీపాలార్పి తెర మీద బొమ్మలు వేసింది. లారెల్ ఫోర్క్ మనుషులు కష్టజీవులట, నమ్మకస్తులట. సెలవులు పెట్టరట, ఎదురు చెప్పరట. అన్నిటికంటే కింద పెద్ద అక్షరాల్లో, చుట్టుపక్కల కంటే పావు వంతు తక్కువ జీతానికి సంతోషంగా చేస్తారని రాసి ఉంది.

అప్పటిదాకా వెల్డా పళ్ళు బిగబట్టుకునే ఉంది. ఆ పెద్దమనిషి చేతిలో ఉన్నది తన కుట్టుపని. నోరు మూసుకుంటే అది తనది. మూసుకుందామనే కూర్చుంది పాపం. కానీ ఆ ‘సంతోషంగా’ అన్న మాట ఆవిడ చేత కుర్చీ వదిలించింది.

“ఎవరమ్మా సంతోషంగా చేస్తామంది? నన్నడిగావా? ఈ నీవాని అడిగావా?”

“వెల్డా గారూ, ప్రశ్నలు చివర్లో...”

“చివరిదాకా ఆగితే మమ్మల్ని సంతలో పశువుల్లా పళ్ళు చూపించి మరీ అమ్మేస్తావు. అయ్యా, ఇక్కడెవరికీ జ్వరాల్లేవు. ఇవాళ వేట మొదలు. మా మగాళ్ళంతా కొండ మీదున్నారు. వస్తామని నాకు మాటిచ్చి ఎగ్గొట్టిన వెధవలే అందరూ. కానీ ఎందుకు పోయారో వినండి. పోయిన కంపెనీ ఇచ్చిన జీతంతో చలికాలం మాంసం కొనుక్కోవడం మావల్ల కాలేదు. మా తాతల కాలం నుంచీ ఏ కంపెనీ ఇచ్చిన జీతంతోనూ కాలేదు.”

ఆస్ట్రాండర్ కుర్చీలో ముందుకు వంగాడు. “నేనిక్కడ కంపెనీ పెడితే ఈ సోమవారం ఏం చెయ్యమంటారు?”

“తాళం వెయ్యండి. ఈ వారం వదిలెయ్యండి, మిగతా ఏడాదంతా ఒంట్లో బాగాలేకపోయినా వస్తారు. వదలకపోతే మీ గుడారాలు మీరే కుట్టుకోవాలి. జీతం సంగతంటారా, పావు వంతు కోస్తే పావు వంతు పనే దక్కుతుంది.”

“ఈవిడ మాట కౌంటీ మాట కాదండీ,” అంటూ మెరెడిత్ ఆవిడ మోచెయ్యి పట్టుకుని తలుపు దాకా నడిపించింది. వెల్డా చెయ్యి విదిలించుకుని, వెనక్కి వచ్చి, రోల్స్ గంప పట్టుకుని మరీ పోయింది.

కంపెనీ ఇక రాదని కౌంటీ అంతా ఆవిడని దుమ్మెత్తి పోసింది. కొండ మీద కూర్చున్నవాళ్ళ నోళ్ళే ఎక్కువ లేచాయి. చర్చిలో ఆవిడ పక్కన కూర్చోవడం కూడా మానేశారు సిగ్గులేనివాళ్ళు.

కానీ వసంతంలో కంపెనీ వచ్చింది! షెడ్డుకు రంగేశారు, మిషన్లు దించారు. జీతం మెరెడిత్ తెర మీద చూపించినంతే, పావు వంతు తక్కువ. వేటకు మాత్రం వారం సెలవని గేటు మీదే రాసిపెట్టారు. వెల్డా చెప్పినవాటిలో వాళ్ళకి ఖర్చు లేనిది అదొక్కటే మరి. డార్సీకి గుడ్డ కత్తిరించే పని దొరికింది. మొన్న మొన్న మిషన్ తొక్కడం నేర్చిన పిల్లలక్కూడా దొరికింది.

వెల్డా వెళ్ళింది. కుట్టి చూపించమంటే కుట్టింది. కబురు చేస్తామన్నారు, చెయ్యలేదు. ఆగి ఆగి మెరెడిత్‌నే నిలదీసింది.

“మీ పనికి వంక పెట్టలేదండీ,” అంది ఆ పిల్ల, కాగితాల్లోంచి తలెత్తకుండా. “మాట వినేవాళ్ళు కావాలన్నారు.”

“విన్నారుగా నా మాట! వినే కదా గేటుకి తగిలించుకున్నారు?” అని అరిచింది వెల్డా.

మళ్ళీ నవంబరు వచ్చింది. వేట మొదలైన మర్నాడు, కోళ్ళ ఫ్యాక్టరీ నుంచి వెల్డా అప్పుడే ఇల్లు చేరి వేళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. డార్సీ దుప్పి తొడ ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు.

“మంచి కంపెనీ అక్కా. అడక్కుండానే వారం సెలవిచ్చింది.”

వెల్డా వాడి కళ్ళలోకి చూసింది. వాడు చూపు తిప్పుకున్నాడు.

“అడక్కుండానా?”

“అది కాదే... నువ్వు కాస్త నోరు మూసుకునుంటే నీకూ వచ్చేది కదా అని నా బాధ.”

“నీ బాధ నువ్వు పట్టుకుపోరా. అక్కడే పెట్టి కదులు.”

వాడు తొడ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. వెనక్కి పిలిచి తొడ వాడి మొహాన కొడదామా అని వెల్డాకి ఒక్క క్షణం అనిపించింది. కొట్టలేదు. ఎందుకు కొట్టాలి? దాని ఖరీదు కట్టింది తనే. కొంకర్లు పోయిన వేళ్ళతోనే కత్తి పట్టుకుని, ముక్కలు కోసి, చలిపెట్టె నిండా సర్దుకుంది.