తల్లిని బయట నిలబెట్టిన ఓటు

ఆ ఊరి శ్మశానంలో సమాధికి ఇరవై ఏళ్ల గడువు. గడువు తీరితే రాయి తీసేసి, నేల చదును చేసి, గడ్డి విత్తనం చల్లుతారు. ఎముకలు అక్కడే ఉంటాయి, పోయేది పేరు. ఆర్గావ్ అనే మంచు సీమ కొండవాలులోని ఆ గ్రామంలో ఈ నిబంధన ఎవరికీ క్రూరంగా తోచలేదు. కూతురు ఉర్సినా సమాధి గడువు దగ్గరపడేదాకా రెగులాకూ తోచలేదు.

ఆదివారం నాడు ఆమె బట్టలు ఆరేసి ఎరుగదు. మధ్యాహ్నం నిశ్శబ్ద వేళల్లో సుత్తి పట్టలేదు. జీవితమంతా ఊరి కట్టుబాట్లకు తలవంచిన ఆ వితంతువు తిరిగి కోరింది ఒక్కటే: తాను పోయేదాకా ఆ రాయిని ఉండనివ్వమని.

"నువ్వైనా చెయ్యెత్తు గల్లస్," అంది గ్రామసభ మెట్ల మీద మరిదితో.

"చూద్దాంలే వదినా. ముందు బూట్ల మంచు దులుపుకో. కొత్త నేల తడిస్తే అధ్యక్షుడు దానిమీదా ఓటు పెట్టగలడు."

ఆమె నవ్వింది.

ఆమె అర్జీ వంతు వచ్చింది. "రెగులా గారూ, మీరు కాసేపు బయట ఉండాలి. సొంత విషయం కదా," అన్నాడు అధ్యక్షుడు. గల్లస్ కూడా లేవబోయాడు. "మీరు కూర్చోండి. ఆ నియమం చిన్నాన్నల దాకా రాదు."

కన్నతల్లి నడవాలో నిలబడింది. తలుపు అద్దంలోంచి, అధ్యక్షుడు "వద్దనేవాళ్లు?" అనగానే లేచిన చేతుల్లో గల్లస్ చెయ్యి కనిపించింది.

అర్జీ వీగిపోయింది. సభ ముగిశాక అవే చేతులు వరసగా వచ్చి, పేరు పెట్టి పలకరిస్తూ, ఆమె చేతిని అందుకున్నాయి. ఇంత మర్యాదగా జరిగే అన్యాయాన్ని ఎవరికి చెప్పుకోవాలి?

"మా అమ్మాయి లీనా రాయి నిరుడు పీకేస్తే నేను నోరెత్తానా వదినా? నీకో న్యాయం, నాకో న్యాయమా?" అన్నాడు గల్లస్.

"నువ్వు అడిగుంటే నేను చెయ్యెత్తేదాన్ని."

అతను టోపీ పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

మంచు కరిగాక ఒక శనివారం సాయంత్రం, మర్నాటి ఆదివారాన్ని చాటే చర్చి గంట మోగకముందే, గల్లసే ఆ రాయిని ట్రాక్టరులో ఆమె పెరట్లోకి చేర్చాడు. "పేరు ఎటువైపు ఉండాలి?"

"వంటింటి కిటికీ వైపు."

చల్లిన గడ్డి మొలిచాక ఒక ఆదివారం రెగులా అలవాటు కొద్దీ నీళ్ల డబ్బాతో శ్మశానానికి వెళ్లింది. అంతా ఒకే పచ్చిక. నడుమ గల్లస్ లీనాకు తెచ్చిన పూలు పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు.

"ఇంకొంచెం ఎడమకి జరుగు గల్లస్," అంది ఆమె. "మా ఉర్సినా మీద నిలబడ్డావు."