రెండు చేతుల గేరు

దుర్గి నుంచి నరసరావుపేటకు పొద్దున్నే బస్సు ఉంటుంది. కిటికీ పక్కన సీటు దొరికితే హాయిగా వెళ్ళొచ్చు. ఆ బస్సు మా ముందు నుంచే దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. మేము మాత్రం ఆరున్నరకు మా పాత పికప్ బండిలోనే బయలుదేరాం. దాన్ని అమ్మడానికే వెళుతున్నాం మరి. వచ్చేటప్పుడు ఎలాగూ బస్సే కనుక సంచిలో నీళ్ళ సీసా, రెండు అరటిపళ్ళు, మా ఆయన మోకాలికి రాసే తైలం పెట్టుకున్నాను.

దుర్గిలో చెక్కిన రాతి విగ్రహాలను ఊరూరికీ చేర్చడం మా పని. బండిలో వరిగడ్డి పరిచి, విగ్రహాన్ని పడుకోబెట్టి, గోనెసంచులు కప్పి తాళ్ళు బిగిస్తాం. దేవుణ్ణి తీసుకుపోతూ మగవాడు ఒక్కడే పోవడమేమిటని మా అత్త మొదట్లోనే పట్టుబట్టింది. అప్పటినుంచి పక్కసీటు నాది. ఇన్నేళ్ళలో నేను చూసిన ఊళ్ళన్నీ ఆ అద్దంలోంచి చూసినవే.

కిందటేడు మా ఆయనకు ఎడమ మోకాలి ఆపరేషన్ అయింది. నాలుగు నెలలు బండి ముట్టుకోలేదు. మళ్ళీ ఎక్కిన కొద్ది రోజులకే గేర్లు పడడం మానేశాయి. రెండో గేరుకు గరగరమని రాళ్ళు నమిలినట్టు శబ్దం. మూడోది పడినా నిలవదు, ఎగిరి న్యూట్రల్లోకి వచ్చేస్తుంది. ఒకరోజు విగ్రహంతో సాగర్ కాలువ వంతెన ఎక్కుతుంటే సగంలో గేరు ఊడింది. బండి వెనక్కి జారింది. రోడ్డు కాలువ గట్టు మీంచే మలుపు తిరిగి వంతెన ఎక్కుతుంది కనుక వెనక కాలువే. బ్రేకు పట్టింది కాబట్టి సరిపోయింది. ఇంటికొచ్చాక మా ఆయన అన్నం ముందు కూర్చుని, "నా కాల్లో సత్తువ పోయిందే. క్లచ్చి సగమే నొక్కుతున్నా. ఇంక బండి అమ్మేద్దాం" అన్నాడు.

కాలు బాగుందని డాక్టరు చెప్పాడు. నేనూ చెప్పాను. వింటేనా! నరసరావుపేటలో పప్పుల వ్యాపారం చేసే శెట్టిగారికి బండి ఇస్తానని మాట ఇచ్చేశాడు. కాకపోతే, కింద ఆయిలు కారుతున్న బండిని అట్లాగే అంటగట్టడానికి మనసొప్పలేదు. ముందు ఆ ఊళ్ళోనే ఉన్న సుభాని షెడ్డులో బాగు చేయించి, సాయంత్రం నాలుగింటికి అక్కడే అప్పగించాలని ఇద్దరూ అనుకున్నారు. సుభాని మాకు మొదటినుంచీ తెలిసిన మెకానిక్కు.

ఇక మా ప్రయాణం ఎలా సాగిందో చెబుతాను, నవ్వకండి. గేరు వేయడానికి ఇద్దరం కావాలి. ఆయన క్లచ్చి నొక్కి "ఊఁ" అంటాడు. రాడ్డు మీద ఆయన చెయ్యి, ఆ చేతి మీద నా చెయ్యి. ఇద్దరం కలిసి లాగితే రెండోది పడుతుంది. మూడోది పడ్డాక అది ఎగిరిపోకుండా నేను పట్టుకుని కూర్చోవాలి. రెండు నెలలుగా ఇదే తంతు.

కారంపూడిలో ఇడ్లీ తిన్నాం. వేడిగా ఉన్నాయి, చట్నీలో కారం దండిగా ఉంది. అక్కడ నరసరావుపేట ఆసుపత్రికి వెళ్ళే ఒక పెద్దావిడ బస్సు తప్పిపోయిందంటే ఎక్కించుకున్నాం. కిటికీ వైపు ఆమె, మధ్యలో నేను. కాసేపు మా తంతు చూసింది.

"ఏందమ్మాయ్, ఈ బండికి ఇద్దరు డ్రైవర్లా?" అంది.

"ఈయన కాళ్ళ డ్రైవరు, నేను చేతుల డ్రైవర్ని పెద్దమ్మా" అన్నాను.

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. మా ఆయన మాత్రం మొహం చిన్నబుచ్చుకున్నాడు. నా నోటికి తాళం వేసుకోవాల్సింది అనిపించింది. ఆసుపత్రి దగ్గర దిగుతూ ఆమె, "కలిసి లాగుతున్నారు గదా, అదే చాలు నాయనా" అని ఆయన భుజం తట్టి వెళ్ళింది.

తొమ్మిదిన్నరకు షెడ్డుకు చేరాం. సుభాని బండిని గుంత మీద పెట్టించి కిందికి దిగాడు. ఎంతసేపటికీ పైకి రాడు. నేను స్టూలు మీద, మా ఆయన పాత టైరు మీద కూర్చున్నాం. ఆయన బండి వైపు చూడడం లేదు. అమ్మబోయే గేదెను చూడలేనివాళ్ళు అట్లాగే కూర్చుంటారు.

"కోటయ్యన్నా, ఇట్టా రా. వదినా, నువ్వు గూడా రా" అని కేకేశాడు సుభాని.

గేరుబాక్సు కిందికి దించి ఉంది. దాని నెత్తిన బొటనవేలంత చిన్న మూత ఉంటుంది. బండి నడిచేటప్పుడు లోపలి వేడిగాలి దాంట్లోంచి బయటికి పోవాలట. ఆ మూత చుట్టూ నల్లగా గట్టిపడిన బంక. సుభాని స్క్రూడ్రైవరుతో పెళ్ళగిస్తే బంకతో పాటు ఒక గుడ్డపేలిక ఊడివచ్చింది. మసి పట్టినా పచ్చంచు కనబడుతోంది. అది నా చీర. వంటింట్లో మసిగుడ్డగా చింపుకున్నది.

"ఇదెవరి పనన్నా?" అన్నాడు సుభాని.

మా ఆయన నేల చూపులు చూశాడు. "ఆపరేషన్ అయినాక బండి తీసేటప్పుడు ఆయిలు తక్కువుందేమోనని ట్రాక్టరు ఆయిలు పోశాన్రా. ఇంట్లో అదేగా ఉంది. అంచుదాకా పోశా. రెండు రోజులకి ఆ మూతలోంచి నురగ పొంగతంది. కారతందిలే అని గుడ్డ కుక్కి తుమ్మబంక పూశా."

సుభాని నవ్వలేదు. ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ముక్కు మూసేశావు గదన్నా. గాలి పోయే దారి లేక, ఆయిలు కారకుండా ఆపే ముందు సీలు, వెనక సీలు రెండూ తన్నేసినయ్. ముందు సీల్లోంచి కారిన ఆయిలు క్లచ్చి ప్లేటుకు పట్టింది. మిగిలిందేమో చిక్కటి ట్రాక్టరు ఆయిలు. ఇంక గేరెట్టా పడుద్ది? పైగా మూడో గేరును పట్టుకునే స్ప్రింగు గూడా ఇరిగింది."

"మరి నా కాలు?" అన్నాడు మా ఆయన.

"నీ కాలుకేమైందన్నా? ఈ క్లచ్చిని నా కాలుతో తొక్కినా ఇట్టానే ఉంటది."

ఆయనకు నమ్మకం కుదరలేదు. నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. ఇన్నాళ్ళూ రాత్రిళ్ళు తన కాలిని తానే పిసుక్కుంటూ, నాకు తెలియకూడదని గోడవైపు తిరిగి పడుకున్న మనిషి. అంత కోపం, అంత జాలి ఒకేసారి వచ్చాయి నాకు. అక్కడే ఆయన వీపు మీద చెయ్యి వేశాను. నలుగురూ ఉంటే ఎప్పుడూ అలా వెయ్యను.

మధ్యాహ్నం బస్టాండు దగ్గర మెస్సులో భోంచేశాం. గోంగూర పచ్చడి బాగుంది, పప్పు పలచన. ఆయన కలిపిన ముద్ద అలాగే పెట్టుకుని కూర్చున్నాడు. "మాట ఇచ్చేశాం గదే" అన్నాడు రెండుసార్లు. మజ్జిగ గ్లాసు ఆయన ముందుకు జరిపాను. అమ్మొద్దని నేను చెబితే నా మాట అవుతుంది. అది ఆయన కాలే చెప్పాలి.

మూడున్నరకు బండి తయారైంది. కొత్త సీళ్ళు, కొత్త ప్లేటు, స్ప్రింగు, దానికి తగ్గ ఆయిలు. సుభాని తాళాలు మా ఆయన చేతిలో పెట్టాడు.

"ఒక రౌండు కొట్టి రా అన్నా."

"నువ్వే చూడరా. ఇంక నేను నడిపేదేముంది" అన్నాడు ఈయన.

నాకు ఒళ్ళు మండింది. "ఏవయ్యా, అమ్మే సరుకు ఎట్టుందో చూడకుండా ఇస్తావా? శెట్టిగారు అడిగితే ఏం చెప్తావు?" అన్నాను. ఆ మాట పనిచేసింది. ఎక్కాడు. నేను ఎక్కబోయి ఆగిపోయాను. నా చెయ్యి లేకుండా ఆయన వెళ్ళాలి.

బండి మలుపు తిరిగి కనబడకుండా పోయింది. నాలుగింటికి శెట్టిగారు వచ్చారు. సుభాని టీ తెప్పించాడు. టీ అయిపోయింది, బండి రాలేదు. రెండో టీ కూడా అయిపోయింది. "యాడికి పోయాడమ్మా మీ ఆయన?" అన్నారు శెట్టిగారు. నేను రోడ్డు వైపే చూస్తున్నాను. మధ్యలో కాలు పట్టేసిందేమో, ఏ లారీకి అడ్డంగా ఆగిపోయాడో అని మలుపు దాకా నడిచి చూసి వచ్చాను.

అయిదు కావస్తుండగా బండి వచ్చింది. దిగి, తలుపు వేసి, అక్కడే నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"శెట్టిగారూ, ఏమనుకోబాకండి. బండి ఇవ్వను."

"మాట ఇచ్చావు గదా కోటయ్యా."

"ఇచ్చానండీ. అప్పుడు నా కాలు పోయిందనుకున్నా. ఇందాకట్నుంచి ఊరి చుట్టూ తిప్పుతూనే ఉన్నా, కాలు బానే ఉంది."

శెట్టిగారు ఆయన కాలి వైపు చూశారు, నా వైపు చూశారు. చేతిలో ఖాళీ గ్లాసు కింద పెట్టారు. "చానా పని మానుకుని వచ్చానయ్యా. ఈసారి అమ్మేటప్పుడు ముందే బాగా నడిపి చూసుకుని కబురు చెయ్యి" అని విసుక్కుంటూనే చెప్పులేసుకున్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "కాలు జాగ్రత్త" అన్నారు.

అలా బస్సులో రావలసిన తిరుగుప్రయాణం మా బండిలోనే సాగింది. మీరెవరైనా పాత బండితో మా వైపు వచ్చేట్టయితే రోడ్లు ఫరవాలేదు, కారంపూడిలో ఇడ్లీ తినొచ్చు. గేరుబాక్సు నెత్తిమీది చిన్న మూతను మాత్రం ముయ్యకండి, ట్రాక్టరు ఆయిలు పొయ్యకండి. ఇంట్లో మనిషి గోడవైపు తిరిగి పడుకుంటుంటే ఒకసారి ఇటు తిప్పి అడగండి. నేను అడగలేదు.

కారంపూడి దాటాం. ఒకటి, రెండు, మూడు, ఆయన రెండు వేళ్ళతో వేస్తుంటే చప్పుడు లేకుండా పడుతున్నాయి. నా చేతికి పనిలేక ఒళ్ళో పెట్టుకున్నాను. పొద్దు వాలుతుండగా సాగర్ కాలువ వంతెన వచ్చింది. సరిగ్గా ఆ ఎక్కుడు సగంలో, అప్పుడు జారిన చోటే, ఆయన కావాలని బండి ఆపాడు. వెనక కాలువలో నీళ్ళ చప్పుడు వినబడుతోంది. నేను దేవుణ్ణి తలుచుకున్నాను. వెనక గడ్డిలో ఈసారి దేవుడు కూడా లేడు.

ఆయన క్లచ్చి నొక్కాడు. అలవాటు కొద్దీ "ఊఁ" అన్నాడు. అలవాటు కొద్దీ నా చెయ్యి వెళ్ళి ఆయన చేతి మీద పడింది. గేరు పడింది. బండి ఒక్క అంగుళం జారకుండా ఎక్కి అవతలికి దిగింది.

ఇంక అవసరం లేదు కదా అని చెయ్యి తీయబోయాను.

"ఉండనియ్యే" అన్నాడు, రోడ్డు మీది చూపు తిప్పకుండా.

దుర్గి వచ్చేదాకా నేను చెయ్యి తీయలేదు.