నిమ్మతొక్కల ఏబెల్

తిరుపతి నుంచి సూళ్లూరుపేటకు బస్సు తోలి తోలి రిటైరైన ఏబెల్‌కు ఇప్పుడు నిమ్మతొక్కల పిచ్చి పట్టింది. జ్యూస్ బండి దగ్గర తొక్కలు ఏరుకొస్తాడు. బెల్లం, నీళ్లు కలిపి ప్లాస్టిక్ సీసాల్లో నెలల తరబడి పులియబెడతాడు. ఇల్లు తుడిచేదీ, సింకు కడిగేదీ ఆ నీళ్లతోనే. ఫినాయిల్ వాసన తగిలితే ఆయనకు దగ్గు ఆగదు. పొద్దున్నే భుజాన తువ్వాలు వేసుకుని, ఇంజను చప్పుడు వినేవాడిలా చెవి వంచి, మూతలు ఒక్కొక్కటే వదులు చేస్తాడు. లోపలి గ్యాసు తుస్సుమంటే ముఖం వెలిగిపోతుంది.

భార్య కృపామణికి మాత్రం ఫినాయిల్ వాసన రాని ఇల్లు తుడవని ఇల్లే. ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్న రోజు తేల్చి చెప్పేసింది. "వచ్చినోళ్లలో ఒక్కరు ముక్కు మూసుకున్నా నీ సీసాలన్నీ కాలవలో పోస్తా, సూడు!" పులుపు వాసన రాకుండా మూతలన్నీ తనే బిగించి వంటింటి మూలకు తోసింది.

అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉండగా వంటింట్లో ఢామ్మంది. మొన్న పెట్టిన సీసా మూత ఎగిరిపోయి, నిమ్మ, బెల్లం వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఏబెల్ కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

ఆమెన్ అనగానే పక్కింటి నిస్సీ ముక్కు ఎగబీల్చింది. "ఏమక్కా, నిమ్మకాయ పానకం కలిపినావా? వాసనకే నోరూరతా ఉండాది. తలా ఒక గ్లాసు పొయ్యి!"

కాసేపటికి కృపామణి నేల మీద కూర్చుని నిజంగానే నిమ్మకాయలు పిండుతోంది. తొక్కలు పారేయబోయిన నిస్సీ చేతి మీద చిన్నగా ఒకటేసింది. "యాడికే? ఆ సీసాలో ఎయ్యి. మా ఆయన పొద్దున్నే లేసి సూసుకుంటాడు."